లేని ఊళ్ళకు పటములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



ఊరికి పటమెందులకని యెవ్వరి నడిగినను సమాధానము సిద్ధముగా నుండును. గెట్టు తగాదా వచ్చినపుడు చూచుకొనుటకు, పుంత యెంతవరకు పోవునో తేల్చుకొనుటకు, చెరువు గర్భమునకు హద్దు ఏదో నిర్ణయించుటకు. సర్వేరాయి పెకలింపబడినను పటమున దాని గురుతు నిలిచియుండును. ఇట్టి పటము ఉన్న ఊరికే పుట్టును. ఊరు ముందు, పటము వెనుక. ఈ క్రమమును తలక్రిందులు చేసి, లేని ఊరికి ముందుగా పటము గీచి, ఆ పటమునుండి ఊరిని పుట్టించువారు లోకమున ననేకులు గలరు. వారు మోసగాండ్రు కారు. మతిచెడినవారును కారు. వారి సరదాయే నేటి ప్రసంగమునకు విషయము.

1881వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి బ్రేమర్ అను కొండయూరిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ అను రచయిత కుటుంబముతో విడిదిచేసియుండెను. వాన విడువలేదు. వెలికి పోవుటకు వీలులేదు. ఆయన భార్యకు మొదటి వివాహమున గలిగిన కుమారుడు, లాయిడ్ అను పిల్లవాడు, రంగులు ముందిడుకొని బొమ్మలు వేసికొనుచుండెను. స్టీవెన్సన్ కూడ ఆ పిల్లవాని ప్రక్కన జేరి యొక ద్వీపమునకు పటము గీచెను. రేవులు, కొండలు, చిత్తడినేలలు, అన్నిటికిని పేర్లు. ఆ పటమును చూచుచుండగా కాగితముపై గీచిన చెట్ల నడుమనుండి మనుష్యులు తొంగిచూచినట్లు తనకు తోచెనని యాయనయే పిమ్మట వ్రాసికొనెను. ఆ మనుష్యుల కథయే 1883లో పుస్తకముగా వెలువడిన ‘ట్రెజర్ ఐలండ్’.

ఇంతవరకు పలువురెరిగినదే. ఎరుగనిది మరియొకటి గలదు. పుస్తకమును అచ్చునకు పంపునపుడు ఆ పటమును గూడ పంపగా, అది త్రోవలో నెక్కడనో పోయినది, ప్రచురణకర్తలకు చేరలేదు. ఇక చేయవలసినదేమి? స్టీవెన్సన్ తన పుస్తకమును తానే మొదటినుండి చదివి, ఏ కొండ ఏ దిక్కున నున్నదని వ్రాసెనో, ఏ వాగునుండి ఏ రేవునకు ఎంత దూరమని చెప్పెనో ఆ మాటలన్నియు జాబితా వ్రాసికొని, వృత్తలేఖిని పుచ్చుకొని వాని కొదుగునట్లు రెండవ పటమును కట్టవలసివచ్చెను. దీపస్తంభముల నిర్మాణమున ప్రసిద్ధుడైన తండ్రిగారి కార్యాలయముననే ఆ పని జరిగినది. అయినను ఆ రెండవది తనకెన్నడును ఆ ద్వీపము కాలేదని యాయన బాధపడెను. సాక్షుల మాటలనుబట్టి పోయిన హద్దును తిరిగి నిలుపుట యెంత చిక్కో, ఎండలో గొలుసు పట్టుకొని పొలము కొలిచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకు ముందే ఇంగ్లండు దేశమున నొక మతాచార్యుని ఇంట ఇట్టి పని పిల్లలు చేసిరి. 1826వ సంవత్సరమున పాట్రిక్ బ్రాంటీ అను నాయన తన కుమారునకు 12 కొయ్య సిపాయిబొమ్మలు తెచ్చి యిచ్చెను. ఆ బొమ్మలకు నలుగురు పిల్లలును పేర్లు పెట్టిరి, దేశములు పంచిరి, రాజధాని కట్టిరి. కుమారుడు బ్రాన్‌వెల్ ఆ దేశములకు పటము గీచెను. అరచేతిలో నిముడు చిన్న పుస్తకములలో, భూతద్దము లేనిది చదువరాని యక్షరములతో చరిత్రలు వ్రాసికొనిరి. ఆ పిల్లలలో ముగ్గురు బాలికలు పెరిగి పెద్దవారై ఆంగ్లనవలా సాహిత్యమున స్థిరమైన పేరు గడించిరి. పటము గీచిన పిల్లవాడు మాత్రము మద్యమునకు లోబడి 31 ఏండ్లకే మరణించెను. సరదా యొక్కటియే మనుష్యుని గట్టెక్కించునని చెప్పుటకు వీలులేదు.

ఇక ఆట మాటకు వత్తము. లేని దేశములకు పటములు గీచి, ఆ దేశములలో సంచరించుటయే యాటగా గలది యొకటి 1974వ సంవత్సరమున అమెరికాలో అచ్చుపడి వెలువడినది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. నేలమాళిగలును, రెక్కల మహాసర్పములును అని యర్థము. దానివెనుక నీజాతి యాటలు లెక్కకు మిక్కిలిగా వచ్చినవి. వీనికన్నిటికిని కలిపి రోల్ ప్లేయింగ్ గేములని పేరు. తెలుగున పాత్రధారణ క్రీడలనవచ్చును.

ఆట యెట్లు నడచునో చూడుడు. ఒక బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. అందొకడు సూత్రధారి. అతని యెదుట అట్టతో చేసిన చిన్న తెర యుండును. తెర వెనుక నతడు గీచిన పటముండును. తక్కినవారు తలకొక పాత్ర వహింతురు: ఒకడు ఖడ్గధారి, ఒకడు మంత్రవేత్త, ఒకడు తాళములు విప్పుటయందు నేర్పరి. సూత్రధారి చెప్పును: “మీరు రాతిమెట్లు దిగితిరి. ఎదుట 10 అడుగుల వెడల్పున నడవ. 60 అడుగులు నడచినపిదప అది రెండుగా చీలినది. ఎడమ వైపున నీటి సవ్వడి. కుడి వైపున ఏ సవ్వడియు లేదు. ఏమి చేయుదురు?” వారు తమలో తాము తర్కించుకొని బదులు చెప్పుదురు. ఒకడు దివిటీ యెత్తి చూచెదననును. వేరొకడు చెవి గోడకు ఆనించెదననును. ఫలితము నిశ్చయముగా తెలిసినదైన సూత్రధారి వెంటనే చెప్పివేయును. సందేహాస్పదమైన పాచిక వేయించును.

పాచిక యనగానే ధర్మరాజు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఇందు పందెము లేదు. గెలుపును లేదు, ఓటమియు లేదు. పాత్ర మరణింపవచ్చును గాని పాత్రధారి యింటికి పోయి భోజనము చేసి మరునాడు క్రొత్త పాత్రతో వచ్చును. పాచికలును వింతవి. ఆరు ముఖములవే కాక 4, 8, 12, 20 ముఖములవియు గలవు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో పేర చెప్పబడు సమఘనరూపములు ఐదును ఇవియే. ఇరువది ముఖముల పాచిక క్రొత్తదికాదు. ప్రాచీనకాలమున ఈజిప్టులో చేసినది యొకటి న్యూయార్కు మ్యూజియమున నేటికిని చూడవచ్చును.

మన యిండ్లలో నాడు వైకుంఠపాళి సంగతి తలచుకొనుడు. అదియు నొక పటమే. అందు పాము నోట పడుటగాని, నిచ్చెన యెక్కుటగాని గవ్వల చేతిలోనున్నది. ఆడువాని బుద్ధికి చోటులేదు. పులిజూదమున గవ్వలు లేవు. అంతయు బుద్ధియే, కాని మేక యెన్నడును మేకయే, పులి యెన్నడును పులియే. గీతలు దాటి పోవుటకు వీలులేదు. పాత్రధారణ క్రీడయందు మేక పులితో సంధి మాటలాడెదనన్నను సూత్రధారి కాదనరాదు. ఆ సంధి కుదురునో లేదో చూడవలెను. ఈ యొక్క భేదమే యా యాటకు ప్రాణము. ఏమి చేసెదరో ముందుగా తెలియని నలుగురికి, అడిగిన ప్రతి ప్రశ్నకును అప్పటికప్పుడు, వెనుక చెప్పిన మాటకు విరోధము రాకుండ సమాధానము చెప్పవలసిన సూత్రధారిని చూచినచో, పృచ్ఛకుల నడుమ కూర్చున్న అవధాని స్ఫురించును. అవధానికి ఛందస్సు తోడు. ఈతనికి పటము తోడు.

ఈ సూత్రధారి పదవి యెక్కడ పుట్టినది? దీని చరిత్ర గ్రంథాలయములవారు ముఖ్యముగా వినదగినది.

జర్మనీలోని ప్రష్యా రాజ్యమున ఫాన్ రైస్విట్జ్ అను పౌరోద్యోగి యుండెను. సిపాయి కాడు. యుద్ధమును బల్లపై నభినయించు నొక యాటను కల్పించి 1812లో మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ రాజునకు సమర్పించెను. నేలరూపులు చేసిన పలకలను ఎట్లుకావలసిన నట్లు పేర్చుకొనుటకు వీలగు సొరుగుల బల్ల యది. ఇప్పటికిని బెర్లినులోని షార్లాటెన్‌బర్గ్ ప్రాసాదమున నున్నది. ఆయన కుమారుడు ఫిరంగిదళమున అధికారి. అతడు తండ్రి యాటనుండి పలకలను తీసివేసి, నిజమైన భూమిని 8,000వ వంతునకు కుదించి గీచిన సర్వే పటములపై ఆడునట్లు మార్చి 1824లో ప్రకటించెను. ఆ యాటలో ఇరుపక్షములకును నడుమ నొక మధ్యవర్తి. రెండు సేనలును ఎక్కడ నున్నవో అతనికి మాత్రమే తెలియును. ఎవరికేమి కనబడునో అంతమాత్రమే వారికి చెప్పును. సేనాని ఫాన్ మ్యుఫ్లింగ్ మొదట ఉదాసీనముగా చూడ మొదలిడి, ఆట ముగియునప్పటికి ఇది యాట కాదు, యుద్ధవిద్యకు పాఠశాలయని మెచ్చి సేనలోని దళములకెల్ల ఇప్పించెను. ఆ యువకుడు 1827లోనే గతించెను. నియమములు పెరిగి పెరిగి లెక్కల పట్టికలతో ఆట మోయరాని భారముకాగా, 1876లో వెర్డీ డు వెర్న్వా అను సేనాని, పట్టికలేల, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పే చాలునని వ్రాసెను.

ఈ భావములు సముద్రము దాటినవి. అమెరికా సైన్యమున టాటెన్ అను లెఫ్టినెంటు 1880లో ‘స్ట్రాటెగోస్’ అను పుస్తకమును ప్రకటించెను. ఆటగాడు ఏ పనియైనను చేయ యత్నింపవచ్చును. అది సాగునో లేదో మధ్యవర్తి నిర్ణయించును. ఇది దానిలోని సారము. పుస్తకము కాలక్రమమున మరుగుపడెను. ఎనుబది యేండ్లు దాటిన పిదప, 1960 ప్రాంతపు దశకమున, డేవిడ్ వెస్లీ అను యువకుడు మిన్నెసోటా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున దానిని కనుగొని చదివెను. ఆతడు దానిని చదువకుండినచో నీ యాట యీ రూపమున పుట్టియుండునా యనునది చెప్పలేము. గ్రంథాలయములలో అప్పుడప్పుడు ఒక మాట వినవచ్చుచుండును: పదేండ్లుగా నెవ్వరును తీయని పుస్తకములను తీసివేసి చోటు చేయవలెనని. చోటు చాలదనుట నిజమే. చెదలు పట్టుననుటయు నిజమే. కాని ఆ విశ్వవిద్యాలయమున నొక భాండాగారికుడు 1950లో బీరువా తెరచి, ఈ పాత యుద్ధపుటాటల పుస్తకమెవ్వరికని ప్రక్కకు పెట్టియుండిన నేమి జరుగునో ఆలోచింపుడు. తీసివేయుమనువారును, ఉంచుమనువారును ఈ సంగతిని లెక్కలో చేర్చుకొనవలెను.

వెస్లీ 1969లో ‘బ్రౌన్‌స్టైన్’ అను కల్పిత జర్మను పట్టణమున జరుగు నొక యాటను నడపెను. సేనలు రాకముందు ఆ పట్టణములోని పెద్దలు ఏమి చేయుదురో చూడవలెనని, ఒకనిని నగరాధ్యక్షునిగను, ఒకనిని బ్యాంకు యజమానిగను, ఒకనిని విశ్వవిద్యాలయాధిపతిగను నియమించెను. ఆటగాండ్రు పటమును విడిచి మూలలకు పోయి గుసగుసలాడ సాగిరి. ఇద్దరు వచ్చి తమలో తాము ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడితిమనిరి. దానికి నియమమే వ్రాసియుండలేదు, అక్కడికక్కడ కల్పింపవలసివచ్చెను. ఆట చేయిజారి చెడినదని వెస్లీ చింతించుచుండగా, ఆడినవారు మరల నెప్పుడని వెంటబడిరి.

అట్లు వెంటబడినవారిలో డేవ్ ఆర్నెసన్ అను చరిత్ర విద్యార్థి యొకడు. అతడొక వారాంతమున పాత భూతముల సినిమాలు చూచుచు, వీరగాథలు చదువుచు, మొక్కజొన్న పేలాలు నమలుచు గళ్ళ కాగితముపై పిచ్చిగీతలు గీచుకొనుచుండెను. ఆ గీతలు నడవలైనవి, గదులైనవి, మెట్లైనవి. ఒక కోట క్రింద నేలమాళిగయైనది. కోట యున్న సీమకు ‘బ్లాక్‌మూర్’ అని పేరిడి 1971 నుండి మిత్రులను తన యింటి క్రిందిగదిలో కూర్చుండబెట్టి ఆ మాళిగలో త్రిప్పెను. ఒకనాటి ఆట మరునాటికి సాగెను. పాత్రలు అనుభవము గడించి పెరుగ సాగినవి. ఇది అంతకు ముందు లేని క్రొత్త సంగతి.

అచ్చు వేసినవాడు వేరు. లేక్ జెనీవా అను చిన్న యూరిలో గ్యారీ గైగాక్స్ అనునతడు ఉన్నతపాఠశాల చదువు నడుమనే మానిన మనుష్యుడు. పుస్తకములు చదివి తనంతట తాను నేర్చినవాడు. భీమా కంపెనీలో నుండిన ఉద్యోగము 1970లో పోగా, ఇంటి క్రిందిగదిలో చెప్పులు బాగుచేయుచు సంసారమీదుచు, మిగిలిన కాలమున ఆటల నియమములు వ్రాసెను. 1972 చివర ఆర్నెసన్ వచ్చి తన యాటను చూపగా గైగాక్స్ దానియందు పూర్తిగా మునిగెను. తన పిల్లలనే మొదటి యాటగాండ్రుగ జేసి ‘గ్రేహాక్’ కోటను కల్పించెను. ఆర్నెసన్ పంపిన కొలది పుటల గురుతులను పెంచి పుస్తకము జేసెను. ప్రచురణకర్తలు దొరకకపోగా మిత్రుడు డాన్ కేతో కలిసి 1973లో సొంత సంస్థ పెట్టెను. మరుసటి జనవరిలో మూడు చిన్న పుస్తకములు, ఒక అట్టపెట్టె, వెల 10 డాలర్లు, 1,000 ప్రతులు. పెట్టెలలో సర్దుట ఇంటిలోనే, చేతులతోనే. కే 1975 ఆరంభముననే మరణించెను. తాము వేసిన విత్తు మానైనది చూడలేదు.

ఇచటనే యొక చేదు సంగతి చెప్పవలసియున్నది. 1977 నుండి ఆటకు విస్తృతమైన క్రొత్త గ్రంథములు గైగాక్స్ పేర మాత్రమే వెలువడసాగినవి. ఆర్నెసన్ 1979లో న్యాయస్థానమునకు పోయెను. 1981లో రాజీ జరిగి, ఆటకు ఇద్దరును సహకర్తలని ఒప్పుకోలైనది. గైగాక్స్ సైతము 1985లో తాను పెట్టిన సంస్థపై అధికారమును పోగొట్టుకొనెను. ఎవరి పాలెంతయని నేటికిని వాదించుకొనువారు గలరు. గళ్ళ కాగితముపై ఊహ యొకనిది. దానిని వ్రాసి, అచ్చొత్తించి, దూరపుటూళ్ళ వారికి పంపిన శ్రమ యింకొకనిది. మొదటిది లేనిదే రెండవది లేదనుట నిజము. అయితే రెండవది లేనిచో మొదటిది ఆ క్రిందిగది దాటియుండదు. ఉమ్మడి పొలమునందు వలెనే యిచటను ఆది పత్రమున ఇరువురి పేర్లును సరిగా వ్రాసియుంచినచో తగవే లేకపోవును. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను గతించిరి.

ఇక పటములు. ఆటకు రెండు పటములుండును. ఒకటి సూత్రధారి తెరచాటున నుండు మూలపటము. రెండవది ఆటగాండ్రలో నొకడు సూత్రధారి మాటలు వినుచు గీచుకొను పటము. మొదటి పుస్తకముల కాలమున ప్రతి జట్టునందును పటలేఖకుడని యొకనిని నియమించుట ఆచారము. అతడు కంటితో చూచునది యేమియు లేదు. చెవితో విని చేతితో గీయవలెను. “ఉత్తరపు గోడకు నడుమ తలుపు, దాటిన, తూర్పునకు 30 అడుగులు, అచట దక్షిణమునకు మలుపు.” ఒక్క మలుపు పొరపాటుగ గీచినచో పది గదుల తరువాత నడవ పోయి తాను ముందే గీచిన గది గోడలోనికి దూరును. అప్పుడు తప్పు తనదా, లేక సూత్రధారి మాయచేసి నేలను త్రిప్పెనా యను సందేహము పట్టుకొనును. తిరిగివచ్చు దారి తప్పినచో దివిటీలు ఆరిపోవును.

అభిమన్యుడు పద్మవ్యూహము ప్రవేశించుట యెరుగును, వెడలుట యెరుగడు. ఆ బాలునికి చెవినిబడిన పటము సగమే. మరియొక కథ చూడుడు. సీతను వెదకుచు దక్షిణమునకు పోయిన వానరులు దప్పిగొని ఋక్షబిలమున ప్రవేశించి, చీకటిలో ఒకరి చేయి యొకరు పట్టుకొని నడచి, లోపల బంగారు వృక్షములను, స్వయంప్రభ యను తాపసిని చూచిరి. వెడలివచ్చుటకు వారికి శక్తి చాలక ఆమెయే కన్నులు మూసికొనుమని వెలికి దెచ్చెను. దూరమునందలి ఆ అమెరికా యువకుల మాళిగలను గూర్చి చదివినవారికి ఈ ఘట్టము వెంటనే తలపునకు వచ్చును. అంతకు ముందే సుగ్రీవుడు నాలుగు దిక్కుల వానరసేనలకు కొండలు, నదులు, దేశములు వరుసగా చెప్పుట యొక పటమును నోట గీచుటయే కదా. వీనికిని ఆ యాటకును సంబంధము గలదని చెప్పుట కాదు, లేదు. మనుజుని బుద్ధి చీకటి బిలము ముందు నిలిచినపుడు ఎచ్చటనైనను ఒకే తీరున పనిచేయునని మాత్రము తోచుచున్నది.

మాళిగలకు వాడునది చదరపు గళ్ళ కాగితము. గడి యొక్కింటికి 10 అడుగులని పాత లెక్క. గదులకు అంకెలు వేయుదురు. అంకెనుబట్టి వేరొక పుస్తకమున ఆ గదిలో ఏమున్నదో వ్రాసియుంచుదురు. పటములో సర్వే నంబరు, అడంగలులో దాని వివరము. ఈ పద్ధతి మన గ్రామపు లెక్కలు చూచినవారికి క్రొత్తది కాదు. దాగిన తలుపునకు గోడపై ఆంగ్లపు ‘ఎస్’ అక్షరము గురుతు. రాయి నిండిన భాగమును చిన్న చిన్న గీతలతో నింపి, నడచు చోటును తెల్లగా విడుచుట అందము.

కాని అందముకంటె ముఖ్యమైనది త్రోవల పొందిక. మొదటి గదినుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి ఒకే త్రోవ పెట్టినచో అది మాళిగ కాదు, గొట్టము. ఆటగానికి ఎన్నుకొనుటకేమియు మిగులదు. జెన్నెల్ జాక్వేస్ అను కళాకారిణి 1979లో వెలువడిన ‘కావరన్స్ ఆఫ్ థ్రేషియా’ అను కృతిలో ఈ లోపమును తీర్చిన తీరు నేటికిని ఆదర్శముగ నెన్నబడుచున్నది. లోనికి పోవుటకు పెక్కు ద్వారములు. ఒక అంతస్తునుండి క్రింది దానికి పోవుటకు పెక్కు దారులు. ఒక దారి చుట్టు తిరిగి మొదటి చోటికే చేరును. మరియొకటి నడిమి అంతస్తును దాటి యేకముగ అడుగునకు దించును. అందుచే ఆమె మాళిగలో రెండు జట్లు ప్రవేశించిన, రెండు కథలు పుట్టును. ఆమె 2024లో మరణించినది.

బయలు దేశమునకు చదరము పనికిరాదు. 10 అడుగుల చదరమునకు మూలనుండి మూలకు 14 అడుగులకు పైబడును. అడ్డముగ నడచువానికి లెక్క సరి, వాలుగ నడచువానికి లెక్క తప్పు. షడ్భుజి గళ్ళలో ఒక గడి కేంద్రమునుండి చుట్టునున్న ఆరు కేంద్రములును సమదూరముననే యుండును. తేనెపట్టు నమూనా. 1961 నుండియే యుద్ధపుటాటల పటములలో వాడుకలోనున్న ఈ గళ్ళను దేశపటములు గీచువారు గ్రహించిరి. 1980లో వెలువడిన గ్రేహాక్ దేశపటములను డార్లీన్ అను చిత్రకారిణి గీచెను. వర్ణములు, అక్షరముల పొంకము చూచి, ఆట యెరుగనివారును గోడకు వ్రేలాడదీసికొన దగిన పటములవి.

క్రొత్తగా గీచువారు తరచుగ చేయు తప్పులు గలవు. నది కొండనుండి పల్లమునకు పారవలెను. ఉపనదులు వచ్చి కలియుచు పోవలెనే గాని, నడుమ నిష్కారణముగ రెండుగా చీలి రెండు సముద్రములకు పోరాదు. చీలుట సముద్రము దగ్గర లంకల యొద్దనే. ఊరు పుట్టుటకు కారణముండవలెను: రేవో, మంచినీరో, రెండు బాటల కూడలియో. గోదావరి, కృష్ణల దరి పుట్టినవారికి ఈ సంగతులు ఉగ్గుపాలతో తెలిసినవే. వాటిని పుస్తకములనుండి నేర్చుకొనవలసివచ్చుట కొందరి దురదృష్టము.

ఈ యాటపై నిందయు మోయబడినది. 1979లో మిచిగన్ రాష్ట్రమున నొక విద్యార్థి కనబడకపోగా, విశ్వవిద్యాలయపు నేలక్రింది సొరంగములలో ఆటాడుచు తప్పిపోయెనని పత్రికలు వ్రాసినవి. కారణము ఆట కాదని, ఆ బాలుని కష్టములు వేరని పిమ్మట తేలినది; కాని మొదట వ్రాసినది చదివినవారందరును పిమ్మట వ్రాసినది చదువలేదు. 1980 తరువాతి సంవత్సరములలో ఆట పిల్లలను క్షుద్రవిద్యలకును, ఆత్మహత్యలకును పురికొల్పునని పెద్ద అలజడి రేగెను. పరిశోధించినవారికి అట్టి సంబంధము కానరాలేదు. పూర్వము మనదేశమున నవలలు చదివిన ఆడపిల్లలు చెడిపోవుదురని చెప్పిన పెద్దలను తలచుకొన్న, ఆ భయము పుట్టుక అర్థమగును. నిజమైన ఆక్షేపణ వేరొకటి గలదు. ఆట యొక్కొక్కపుడు నాలుగైదు గంటలు సాగును. వారము వారము జరుగును. పరీక్షల కాలమున పుస్తకము మూసి మాళిగలో తిరుగు పిల్లవానిని తండ్రి మందలించిన తప్పులేదు. తెల్లవార్లు నాటకములు చూచి మరునాడు పొలమున కునికిన తండ్రి కొంచెము మెల్లగా మందలించిన బాగు.

ఇప్పుడు యంత్రగణకములపై పటములు క్షణములో సిద్ధమగుచున్నవి. అయినను పెన్సిలుతో గీచువారు తగ్గలేదు. యంత్రము గీచిన పటము తీరుగ నుండును. కాని అందులోని ప్రతి మూలను గీచినవాని చేయి తడిమియుండదు. సూత్రధారి తన మాళిగను కన్నులు మూసికొని నడువగలుగుట ఆ తడిమిన చేతివలననే.

ఈ పని మొదలిడుటకు పెట్టుబడి లేదు. బడిపిల్లలు లెక్కలకు వాడు గళ్ళ పుస్తకము, పెన్సిలు, చెరుపు రబ్బరు. తొలిపటమునకు కొత్త ద్వీపమును ఊహింపనక్కరలేదు. గైగాక్స్ సైతము మొదట తానెరిగిన అమెరికా పటమునే తీసికొని, షికాగో ఉన్నచోట గ్రేహాక్ నగరమును, దానికి ఉత్తరమున మిల్వాకీ ఉన్నచోట వేరొక పట్టణమును నిలిపెను. అట్లే మన యూరి పిల్లవాడు గ్రామచావడి నుండి చెరువుగట్టు వరకు అడుగులతో కొలిచి, గళ్ళపై గీచి, పిదప పేర్లు మార్చవచ్చును. చెరువు సముద్రమగును. తూము దగ్గర నొక రేవుపట్టణము. పాడుబడిన దిగుడుబావి మెట్లు ఏడవ మెట్టుతో ఆగవు. వాని క్రింద ఏమున్నదో ఆ పిల్లవాడే చెప్పవలెను. చదువుగదిలో సాయంకాలము దీపము పెట్టినపిదప రెండు గంటలు ఆ పెద్దబల్ల ఖాళీగానే యుండుచున్నది.